ఆ 'మెమరీ బయోమార్కర్' ప్యాకేజీ కొనకండి, ముఖ్యంగా డిప్రెషన్ నుంచి కోలుకుంటున్నవాళ్లు

రక్తం చూసి జ్ఞాపకశక్తి ఎంత కోలుకుందో చెప్పేస్తామని ఫోన్ తెరిస్తే చాలు యాడ్ వస్తోంది కదా, అదే ల్యాబ్. నిన్న సాయంత్రం రిపోర్టు తెచ్చుకున్నాను. ఇంకా ఒళ్లు మండిపోతోంది.

రెండేళ్లుగా డిప్రెషన్‌కి మందులు వాడుతున్నాను. మనసు చాలావరకు కుదుటపడింది, మతిమరుపే పోలేదు. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతాను. పాప స్కూల్ మెసేజ్ పది నిమిషాలకే మళ్లీ చదువుకోవాలి. ఆ టెన్షన్‌లో 9,500 కట్టేశాను, డాక్టర్ గారిని ఒక్క మాట అడగకుండా. ఆ తప్పు నాదే.

రిపోర్టులో కార్టిసాల్, బీడీఎన్‌ఎఫ్ రెండూ తక్కువని ఎర్ర అక్షరాల్లో ఉంది. "అంటే ఏంటి బాబూ?" అని అడిగాను. కౌంటర్లో కుర్రాడు కాగితం నా వైపు తిప్పను కూడా లేదు. "చెప్పినా మీకు గుర్తుండదు కదా మేడమ్, ఇంట్లో ఎవరినైనా తీసుకురండి" అన్నాడు. నా వెనక లైన్లో అయిదారుగురు ఉన్నారు. ఒకావిడ నాకోసం సిగ్గుపడ్డట్టు తల దించుకుంది. నా జబ్బు సంగతి నమ్మి ఫారంలో రాసిచ్చింది వాళ్లకే. దాన్నే అందరి ముందూ నా మొహాన కొట్టాడు. పైగా ఆరు నెలల పౌడర్ 18,000 అట, అది వాడితే మాత్రలు ఆపేయొచ్చట! నాకు నోరు పెగల్లేదు. ఎందుకు ఊరుకున్నానా అని రాత్రంతా నిద్రపట్టలేదు.

పొద్దున్నే డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాను. కార్టిసాల్ అంటే ఒత్తిడి హార్మోన్, ఉదయం ఎక్కువగా ఉండి సాయంత్రానికి దానంతటదే తగ్గుతుందట. నా శాంపిల్ తీసింది సాయంత్రం 5:30కి, పోల్చింది ఉదయం రేంజ్‌తో. బీడీఎన్‌ఎఫ్ మెదడు కణాలకు అండగా ఉండే ప్రోటీన్. రక్తంలో అది ఎక్కువగా ప్లేట్‌లెట్లనే చిన్న కణాల్లో ఉండి, రక్తం గడ్డకట్టేటప్పుడు బయటికొస్తుంది. అందుకే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం, అంటే సీరంలో ఎక్కువగా, గడ్డకట్టనివ్వకుండా వేరుచేసే ప్లాస్మాలో చాలా తక్కువగా కనిపిస్తుంది. నాది దేంట్లో చూశారో రిపోర్టులో ఎక్కడా లేదు. డిప్రెషన్ ఉన్నవాళ్లలో సగటున తక్కువ ఉంటుందని పరిశోధనల్లో కనబడినా, ఆ అంకెను బట్టి ఒక మనిషి జ్ఞాపకశక్తిని తేల్చడానికి అందరూ ఒప్పుకున్న హద్దంటూ ఏదీ లేదని చెప్పారు. మనసు తేలికపడ్డాక కూడా చాలామందికి ఏకాగ్రత, జ్ఞాపకం వెనకే మెల్లగా వస్తాయట. ఈ మాట ముందే విని ఉంటే ఆ గడప తొక్కేదాన్నే కాదు.

థైరాయిడ్, బీ12 మాత్రం చూపించుకోమన్నారు. అవి తేడాగా ఉన్నా మతిమరుపు వస్తుందట.

డబ్బు వెనక్కి అడిగితే "రిపోర్ట్ ఇచ్చేశాం కదా" అంటున్నారు. మీరు మాత్రం వాళ్ల మాట విని మందులు ఆపకండి. ఉన్నట్టుండి ఆపితే కళ్లు తిరగొచ్చు, జబ్బు తిరగబెట్టొచ్చు. అడగడానికి ఎవరూ లేకపోతే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి, 14416కి, ఫోన్ చేయండి. డబ్బులేం తీసుకోరు, తెలుగులోనే మాట్లాడొచ్చు.