లీఫ్ ఫిల్టర్ల జాలీలు కడిగే వాకలపూడి షెడ్డు: మా ప్లాంటు అనుభవం

వంటనూనె రిఫైనరీల్లో మెయింటెనెన్స్ చూసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కాకినాడ వాకలపూడి పారిశ్రామికవాడ వెనక రోడ్డులో ప్రెషర్ లీఫ్ ఫిల్టర్ల జాలీలు కడిగే షెడ్డు ఒకటుంది. బోర్డు లేదు. "లీఫులు కడిగే షెడ్డు" అని అక్కడి టీకొట్టులో అడిగితే చూపిస్తారు. మా ప్లాంటు లీఫులు కొంతకాలంగా అక్కడికే పంపుతున్నాం. ఈ పనిని ఇంత శ్రద్ధగా చేసేవాళ్లు ఈ చుట్టుపక్కల నాకు ఇంకెక్కడా కనపడలేదు.

ఈ రంగంలో కొత్తగా చేరినవాళ్లకు రెండు ముక్కలు. మలేషియా, ఇండోనేషియాల నుంచి ఓడల్లో వచ్చే ముడి పామాయిల్ ఎర్రగా ఉంటుంది. ఆ రంగు తీయడానికి దాదాపు 100 డిగ్రీల వేడి మీద, వాక్యూమ్‌లో, బ్లీచింగ్ ఎర్త్ అనే మట్టిపొడి కలుపుతాం. తర్వాత ఆ మట్టిని నూనెలోంచి వేరు చేసేది లీఫ్ ఫిల్టరు. నిలువు డ్రమ్ములో వరసగా నిలబెట్టిన స్టీలు పలకలే లీఫులు. ఒక్కో పలకలో ఐదు పొరల జాలీ ఉంటుంది: మధ్యలో నూనె కిందికి జారడానికి ముతక జాలీ, దానికి రెండు వైపులా ఆధారపు జాలీలు, పైన రెండు వైపులా సన్నటి నేత. మట్టి ఆ నేత మీద కేకులా పట్టుకుంటుంది, నూనె లోపలికి దిగి కింద మెడలోంచి బయటికి వస్తుంది. కేకు నిండాక ఆవిరి కొట్టి అందులో మిగిలిన నూనె లాగి, వైబ్రేటర్‌తో కేకు రాలగొడతాం.

కేకు అయితే రాలుతుంది, నేత కన్నాల్లో ఇరుక్కున్న జిగురు మాత్రం రాలదు. వేడికి నూనె ముదిరి, మట్టితోనూ, నూనెలో ఉండే గమ్ము అనే జిగురు పదార్థంతోనూ కలిసి బంకలా పట్టేస్తుంది. అప్పటినుంచి ఫిల్టరు పెట్టిన కాసేపటికే ప్రెషర్ ఎక్కిపోతుంది, ఒక షిఫ్టు నడవాల్సిన వడపోత సైకిల్ సగంలో ఆగుతుంది. ప్రొడక్షన్ వాళ్ల ఫోన్లు, మనకి టెన్షన్. లీఫులు విప్పి కడిగించాల్సిన సమయం అదే.

ఇంతకుముందు వేరే చోట ఇచ్చేవాళ్లం. వాళ్ల దగ్గర పెద్ద పంపు ఉంది. సన్నటి ధార వచ్చే జీరో డిగ్రీ నాజిల్ పెట్టి, గన్ను జాలీకి ఆనించినంత దగ్గరగా పట్టి కొట్టేవాళ్లు. లీఫులు తళతళలాడుతూ వచ్చాయి. ఫిల్టరు మొదలుపెట్టి, ప్రీకోట్ (జాలీ మీద మొదట పట్టించే మట్టిపొర) కోసం నూనెని ఎంతసేపు తిప్పినా, నూనె తేటదనం చూసే సైట్ గ్లాసులో అది తేరలేదు. విప్పి చూస్తే రెండు లీఫుల్లో రివెట్ల పక్కన నేత చీలి ఉంది. ఆ చీలికలోంచి దాటిన మట్టి వెనకున్న బ్యాగ్ ఫిల్టర్లను నింపేసింది. అదృష్టం, నూనె వాసన తీసే డియోడరైజర్ దాకా పోలేదు.

వాకలపూడి షెడ్డులో పని నడిపే పెద్దాయనకి యాభై దాటి ఉంటాయి. మొదటిసారి లీఫులు దించినప్పుడు మా సూపర్‌వైజర్ "ప్రెషర్ బాగా పెట్టి కొట్టండి బాబాయ్" అన్నాడు. ఆయన అన్నమాట: "ప్రెషర్ పెంచితే మడ్డి పోదండి, జాలీ పోద్ది. మడ్డిని ముందు నానబెట్టాలండి."

అక్కడ పని మొదలయ్యేది నీళ్ల ధారతో కాదు. కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్ల ట్యాంకులో లీఫులను నిలువుగా, ఒకదానికొకటి తగలకుండా దింపుతారు. నూనె కాస్టిక్‌తో కలిస్తే సబ్బవుతుంది, బంక వదులవుతుంది. సగం పని అక్కడే అయిపోతుంది. రాత్రంతా నానాకే గన్ను పడతారు. పంపు 150 బార్ దగ్గరే ఉంచుతారు. నాజిల్ విసనకర్ర ధారది. లీఫుని వాలుగా స్టాండు మీద పెట్టి, గన్ను మూరెడు దూరంలో, ఏటవాలుగా పట్టి, పైనుంచి కిందికి జానెడు వెడల్పు పట్టీలుగా దిగుతారు. ఒక పట్టీ అంచు మీదుగానే రెండోది మొదలవుతుంది. రివెట్ల దగ్గరికి, ఫ్రేము అంచుకి వచ్చేసరికి గన్ను ఇంకాస్త వెనక్కి జరుగుతుంది. గన్ను పట్టే కుర్రాడికి ముఖానికి షీల్డు, కాళ్లకి గంబూట్లు తప్పనిసరి. ధార చేతికి తగిలితే చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న గాటులా కనపడుతుంది గానీ, ఆలస్యం చేస్తే వేలు తీసేయాల్సి రావచ్చు. ఈ జాగ్రత్త లేని షెడ్డుకి నేను పని ఇవ్వను.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ తర్వాతి పని. బయటినుంచి కొట్టిన ధార కొంత మట్టిని మధ్య జాలీలోకి తోసేస్తుంది. చాలామంది అది పట్టించుకోరు. వీళ్లు లీఫు మెడకి మామూలు గొట్టం తగిలించి, తక్కువ ప్రెషర్‌తో లోపలినుంచి నీళ్లు వదులుతారు. మొదట బూడిదరంగు నీళ్లు, తర్వాత మెత్తటి బురద, తర్వాత పలచగా. రెండు వైపులా జాలీ అంతటా నీళ్లు ఒకే తీరున చెమర్చి, తేటగా దిగేదాకా ఆపరు. మెడ దగ్గరి నీళ్లలో పీహెచ్ పేపరు ముంచి కాస్టిక్ మిగల్లేదని చూస్తారు. అది మిగిలితే మన నూనెలోనే సబ్బు తయారవుతుంది.

ఆరాక చీకటి గదిలో లీఫు వెనక ట్యూబులైటు పెడతారు. శుభ్రమైన చోట వెలుతురు సమంగా వస్తుంది, మూసుకున్న చోట నల్లటి మచ్చ, చీలిన చోట మెరిసే గీత. మచ్చ చుట్టూ సుద్దతో గీసి ఆ ఒక్క లీఫునే మళ్లీ ట్యాంకులోకి పంపుతారు. చీలినదాన్ని పక్కన పెట్టి మనకి ఫోన్ చేస్తారు. ఈమధ్య మా లీఫు ఒకటి మూల దగ్గర నేత పలచబడిందని, అతుకేస్తే ఎక్కువ రోజులు ఆగదని, కొత్త జాలీ వేయించుకోమని చెప్పారు. కడిగి డబ్బు తీసుకునే వీలుండి కూడా కడగలేదు.

ఇక లోపాలు. సముద్రం పక్కన కాబట్టి బోరు నీళ్లు ఉప్పన. మొదట్లో ఆఖరి కడుగుడు కూడా బోరు నీళ్లతోనే చేసేవారు. ఆరిన లీఫుల మీద గోధుమరంగు చుక్కలు కనపడ్డాయి. ఉప్పులోని క్లోరైడు స్టెయిన్‌లెస్ స్టీలుకి చేసే పని అది, వదిలేస్తే సూది కన్నాలు పడతాయి. గట్టిగా చెప్పాక ఆఖరి కడుగుడుకి ఆర్వో నీళ్లు తెప్పిస్తున్నారు. మీరు ఇచ్చేటప్పుడు కూడా అడిగి ఖాయం చేసుకోండి. కాస్టిక్ నీళ్లు ఎక్కడికి పోతున్నాయో కూడా అడిగాను. పక్క యూనిట్‌లో మురికినీళ్లు శుద్ధి చేసే ఈటీపీకి ట్యాంకర్‌లో పంపుతున్నామని రసీదులు చూపించారు. కాలువలోకి వదిలేసి ఉంటే నేను ఈ రివ్యూ రాసేవాణ్ణి కాదు.

వానాకాలంలో ఆలస్యం ఖాయం, ఆరబెట్టడానికి సరైన చోటు లేదు. కాగితం మీద టెస్టు రిపోర్టు ఇవ్వరు. మా క్వాలిటీ వాళ్లకి అది కావాలి కాబట్టి లైటు పరీక్ష ఫొటోలు లీఫు నంబరుతో సహా తీయించుకుంటున్నాం. చదరపు అడుగు లెక్కన, రెండు వైపులా కలిపి రేటు కడతారు. పాత చోటికన్నా ఎక్కువే. అయినా ఇవ్వొచ్చని నా మాట, ఒక్క లీఫు చీలినా ఆగిపోయేది మొత్తం ఫిల్టరు కదా.

ఇక్కడికి స్టీలు జాలీలే పంపండి. మడతల కాగితం కార్ట్రిడ్జిలు, గుడ్డ బ్యాగులు పంపకండి, ఈ ధారకి అవి ఆగవు. అల్యూమినియం ఫ్రేము ఉంటే ముందే చెప్పండి, కాస్టిక్ దాన్ని తినేస్తుంది. పంపేముందు లీఫుల మీది కేకు పూర్తిగా గీకేయండి. నూనె పట్టిన మట్టి గాలి తగిలి దానంతటదే రాజుకుంటుంది, లారీలో గోనెపట్టా కింద ఉంటే మరీ ప్రమాదం. మెడ దగ్గరి ఓ-రింగులు తీసి మీ దగ్గరే ఉంచుకోండి. లీఫులు తిరిగొచ్చాక పాతవి మళ్లీ ఎక్కించకుండా కొత్త రింగులు వేయండి. ఆ రింగు లీకైనా సైట్ గ్లాసులో మట్టే కనపడుతుంది, నింద కడిగినవాళ్ల మీద పడుతుంది.