పిల్లల కన్ను వాస్తే మందుల షాపులో చుక్కలు కొనకండి

మా అక్క కొడుక్కి ఏడేళ్లు. పడిశం పట్టి ముక్కు దిబ్బడేసి, తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టింది. ఓ పొద్దున లేచేసరికి ఎడమ కంటి రెప్ప ఎర్రగా ఉబ్బింది, ఒళ్లు కాలిపోతోంది. బావ వీధి చివరి మందుల షాపుకి తీసుకెళ్తే, కౌంటర్‌లో కుర్రాడు ఫోన్‌లోంచి తలెత్తి "కళ్లకలక సార్, ఇప్పుడందరికీ ఇదే" అంటూ స్టెరాయిడ్ కలిసిన చుక్కలు, జ్వరం సిరప్ చేతిలో పెట్టాడు. డాక్టర్ చీటీ అడగలేదు. బిల్లూ ఇవ్వలేదు.

మర్నాటికి కన్ను పూర్తిగా మూసుకుపోయింది. అక్క రెప్పలు విడదీసి చూస్తే కనుగుడ్డు కాస్త ముందుకు వచ్చినట్టుంది. పక్కకి చూడమంటే వాడు నొప్పితో కేక పెట్టాడు. కంటి డాక్టర్ అది చూసి, ఆలస్యం చేయొద్దని పెద్దాసుపత్రికి పంపేశారు. సీటీ స్కాన్‌లో తేలిందేమిటంటే సైనస్‌లో, అంటే ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదిలో, పట్టిన చీము కంటిగూట్లోకి దిగింది. ఈఎన్‌టీ వాళ్లు ముక్కులోంచే ఎండోస్కోప్‌తో చీము తీశారు, యాంటీబయాటిక్స్ నరానికి ఎక్కించారు. అదృష్టం, చూపు దక్కింది.

రెండు కళ్ల మధ్య ఉండే ఎత్మాయిడ్ సైనస్‌లు పిల్లలకి పుట్టుకతోనే ఉంటాయి. వాటికీ కంటిగూటికీ మధ్య ఉన్న ఎముక కాగితమంత పలచన. చీము దాన్ని దాటి లోపల చేరితే, పైన వేసే చుక్కలు అక్కడిదాకా పోనే పోవు. ముదిరితే చూపు పోవచ్చు, ఇన్‌ఫెక్షన్ మెదడు వైపు పాకవచ్చు. కారణం తేలకుండా స్టెరాయిడ్ వేస్తే పైకి ఎరుపు తగ్గినట్టు కనిపించి, లోపల రోగం ముదురుతుంది.

మామూలు కళ్లకలకలో కన్ను ఎర్రబడి, పుసి కడుతుంది, తరచుగా రెండో కంటికీ అంటుకుంటుంది. కన్ను తిప్పితే నొప్పి, గుడ్డు ముందుకు రావడం, ఒకటి రెండుగా కనిపించడం, చూపు మసకబారడం మాత్రం దాని లక్షణాలు కావు. జలుబు మీద ఒక కన్ను వాచి జ్వరం ఉంటే, రాత్రయినా సరే, కంటి డాక్టర్, ఈఎన్‌టీ ఇద్దరూ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. వాంతులు, మత్తుగా పడి ఉండటం తోడైతే అసలు ఆగొద్దు.

ఇలాంటి చుక్కలు షెడ్యూల్ హెచ్ మందులు, చీటీ లేకుండా అమ్మకూడదని పెట్టె మీదే ఉంటుంది. బావ సీసా పట్టుకెళ్లి నిలదీస్తే, ఆ షాపాయన "మా దగ్గరే కొన్నారనడానికి బిల్లేదీ?" అన్నాడు. ఏ మందు కొన్నా బ్యాచ్ నంబర్ వేసిన బిల్లు తీసుకోండి. ఫిర్యాదు చేయాలంటే ఔషధ నియంత్రణ అధికారులకి చూపించేది అదే.