డీవీఆర్ పంపే ఈమెయిల్ అలర్ట్: కొన్నేళ్ళ వాడకం తర్వాత

ఇంట్లో సీసీ కెమెరాలు పెట్టించుకున్న చాలామందికి డీవీఆర్‌లో (కెమెరాల వీడియోను రికార్డ్ చేసే పెట్టెలో) ఈమెయిల్ అలర్ట్ అనేది ఒకటి ఉందని తెలుసు, కానీ వాడరు. పెట్టిన కొత్తలో కొన్నాళ్ళు మెయిళ్ళు వస్తాయి, ఒకరోజు ఆగిపోతాయి. ఎందుకు ఆగాయో అంతుపట్టదు. ఫోన్‌లో యాప్ ఉందిగా అని అంతటితో వదిలేస్తారు. కోనసీమలో మా అమ్మ, నాన్నగారు ఇద్దరే ఉండే ఇంటికి కెమెరాలు పెట్టించి, హైదరాబాద్ నుంచి కొన్నేళ్ళుగా వాటి మంచీచెడ్డా చూసుకుంటున్నాను కాబట్టి నేను వదలలేకపోయాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దొంగ వచ్చిన క్షణంలో మనల్ని లేపడానికి మెయిల్ పెద్దగా పనికిరాదు. కెమెరాలు, హార్డ్ డిస్క్, నెట్ అన్నీ సవ్యంగా పనిచేస్తున్నాయా లేదా అని దూరాన ఉండి తెలుసుకోవడానికి మాత్రం నాకు ఇంతకన్నా నమ్మకమైన దారి దొరకలేదు.

మాది 8 ఛానళ్ళ డీవీఆర్, అంటే 8 కెమెరాల దాకా కలపొచ్చు. గేటు, వసారా, పెరడు, కొబ్బరికాయలు పోసే షెడ్డు, ఈ నాలుగు చోట్లా కెమెరాలు ఉన్నాయి. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చూసిన ఇబ్బందులు ఒక్క కంపెనీవి కావు, కాస్త పాతబడిన ఏ డీవీఆర్‌లోనైనా రాగలవే. మెనూల పేర్లు మాత్రం కొద్దిగా అటూఇటూ మారుతుంటాయి.

మెయిల్‌లో నాకు నచ్చిన మొదటి గుణం, దానికి రూటర్‌లో ఏ పోర్టూ (బయటి నుంచి లోపలికి వచ్చే దారి) తెరవక్కర్లేదు. ఇప్పుడు ఇళ్ళకు ఇచ్చే చాలా కనెక్షన్లలో మనకంటూ విడిగా పబ్లిక్ ఐపీ (బయటి నెట్‌కు కనబడే అడ్రస్ నంబరు) ఉండదు, ఒకే ఐపీని ఎన్నో ఇళ్ళు పంచుకుంటాయి. అలాంటి చోట రూటర్‌లో ఆ దారి తెరిచినా (దీన్నే పోర్ట్ ఫార్వర్డింగ్ అంటారు) బయటి నుంచి డీవీఆర్‌లోకి వెళ్ళలేం. మెయిల్‌కు ఆ గొడవ లేదు, లోపలి నుంచి డీవీఆరే మెయిల్ సర్వర్ దగ్గరికి వెళుతుంది. ఇంకో మేలు ఏమిటంటే, ఎవరైనా డీవీఆర్‌నే ఎత్తుకుపోయినా, అప్పటికే మెయిల్‌లో చేరిన ఫొటోలు మన దగ్గరే ఉంటాయి.

ఇక మెయిళ్ళు ఆగిపోవడం సంగతి. డీవీఆర్ మెయిల్ పంపేది మనం ఇచ్చిన జీమెయిల్ లాంటి ఖాతాలోకి లాగిన్ అయ్యే. ఎక్కువమందికి ఇది 2022 మే నెలాఖరు నుంచి మొదలైంది. యూజర్‌నేమ్, మామూలు పాస్‌వర్డ్ మాత్రమే ఇచ్చి లోపలికి వచ్చే పరికరాలను వ్యక్తిగత ఖాతాల్లోకి రానివ్వడం గూగుల్ ఆ మే 30న ఆపేసింది. వెబ్ కెమెరా, ప్రింటర్, డీవీఆర్ ఏదైనా సరే అంతే. నా ఉద్దేశంలో అది సరైన నిర్ణయమే, ఎందుకంటే ఇంటి మూలన ఉండే పెట్టెలో మన అసలు పాస్‌వర్డ్ ఉండటం ఎప్పటికీ మంచిది కాదు. కానీ డీవీఆర్ తెరమీద మాత్రం ఈ సంగతి ఎక్కడా కనబడదు. "టెస్ట్ ఫెయిల్డ్" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. మాకు దగ్గర్లోని టెక్నీషియన్‌ను పిలిస్తే బోర్డు పోయింది, కొత్త డీవీఆర్ కొనాలన్నాడు. బోర్డుకు ఏమీ కాలేదు.

దీనికి విరుగుడు యాప్ పాస్‌వర్డ్, అంటే ఇలాంటి పరికరం కోసం గూగుల్ విడిగా ఇచ్చే పాస్‌వర్డ్. ముందు ఆ గూగుల్ ఖాతాకు టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయాలి, అది లేకపోతే యాప్ పాస్‌వర్డ్ పేజీయే తెరుచుకోదు. ఖాతా సెట్టింగ్‌లలో ఆ పేజీ సులువుగా దొరకదు కాబట్టి, అక్కడి సెర్చ్‌లో యాప్ పాస్‌వర్డ్స్ అని కొట్టి వెతకడం మేలు. 16 అక్షరాల పాస్‌వర్డ్ వస్తుంది. చదవడానికి వీలుగా నాలుగేసి అక్షరాల చొప్పున విడదీసి చూపిస్తారు. డీవీఆర్‌లో కొట్టేటప్పుడు ఆ ఖాళీలు వదిలేసి 16 అక్షరాలూ కలిపి కొట్టాలి. టీవీ మీద మౌస్‌తో ఒక్కొక్క అక్షరం నొక్కడం విసుగు పుట్టించే పని, పైగా ఏ అక్షరం పడిందో కనబడదు. లాప్‌టాప్ బ్రౌజర్‌లో డీవీఆర్ ఐపీ కొట్టి, అక్కడి నుంచి పేస్ట్ చేయడం చాలా హాయి.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. గూగుల్ ఖాతా అసలు పాస్‌వర్డ్ మార్చిన రోజున, అంతకుముందు తీసుకున్న యాప్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దయిపోతాయి. ఎక్కడో ఫోన్‌లో పాస్‌వర్డ్ మారిస్తే ఊళ్ళో డీవీఆర్ మూగబోవడానికి కారణం ఇదే. అందుకే డీవీఆర్‌కు వేరే జీమెయిల్ ఖాతా ఒకటి తెరిచి, దాన్ని మరే పనికీ వాడకుండా ఉంచాను. డీవీఆర్ పోయినా నా సొంత మెయిళ్ళ జోలికి ఎవరూ రాలేరు. రెండేళ్ళు వాడకుండా వదిలేసిన ఖాతాను గూగుల్ తీసేయొచ్చన్న నిబంధన ఉంది కాబట్టి, అప్పుడప్పుడు ఆ ఖాతాలోకి లాగిన్ అయి చూస్తుంటాను. అవుట్‌లుక్ వాడేవాళ్ళకు పరిస్థితి ఇంకా కష్టం. 2024 సెప్టెంబర్ 16 నుంచి మైక్రోసాఫ్ట్ వ్యక్తిగత ఖాతాల్లోనూ పాత పద్ధతి లాగిన్ ఆగిపోయింది, పాత డీవీఆర్‌కు కొత్త పద్ధతి రాదు.

పాస్‌వర్డ్ సరిగ్గా ఉన్నా మెయిల్ వెళ్ళకపోతే చూడాల్సింది మెయిల్ సర్వర్ పోర్టు నంబరు, ఎన్‌క్రిప్షన్ (దారిలో ఎవరూ చదవకుండా చేసే ఎస్‌ఎస్‌ఎల్, టీఎల్‌ఎస్ పద్ధతులు). జీమెయిల్‌కు సర్వర్ పేరు ఎస్‌ఎంటీపీ డాట్ జీమెయిల్ డాట్ కామ్. 465 పోర్టు పెడితే ఎస్‌ఎస్‌ఎల్ ఎంచుకోవాలి, 587 పెడితే టీఎల్‌ఎస్. ఈ జతలు తారుమారైతే పని జరగదు. కొన్ని డీవీఆర్‌లలో మొదటి నుంచీ 25 అని ఉంటుంది. స్పామ్ భయంతో ఇళ్ళ కనెక్షన్లలో ఆ పోర్టును చాలా నెట్ కంపెనీలు మూసేస్తాయి, దాంతో కుస్తీ పట్టి లాభం లేదు. సెండర్ అనే గడిలో కూడా అదే జీమెయిల్ అడ్రస్ ఉండాలి.

అన్నీ సరిచూసినా ఫెయిల్ అంటుంటే, డీవీఆర్‌లోని పాత టీఎల్‌ఎస్ మీద అనుమానపడాలి. టీఎల్‌ఎస్ 1.0, 1.1 లకు కాలం చెల్లిందని 2021 మార్చిలోనే ఇంటర్నెట్ ప్రమాణాలు చూసే ఐఈటీఎఫ్ ప్రకటించింది. మెయిల్ సర్వర్లు ఒక్కొక్కటే వాటికి తలుపులు మూస్తున్నాయి. దీనికి ఫర్మ్‌వేర్ (డీవీఆర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఒక్కటే మార్గం. అప్‌డేట్ పెట్టేటప్పుడు యూపీఎస్ తప్పనిసరి. మా వైపు వానాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే డీవీఆర్ మళ్ళీ లేవకపోవచ్చు.

రూటర్ మారినప్పుడు మరో రకం తిప్పలు. కెమెరాలు బిగించినవాళ్ళు చాలాసార్లు డీవీఆర్‌కు స్థిరమైన ఐపీ పెట్టి వెళతారు. పాత రూటర్ అడ్రస్ 192.168.1.1 అయి, కొత్తదానిది 192.168.29.1 అయితే గేట్‌వే (బయటి నెట్‌కు దారి చూపే రూటర్ అడ్రస్) దొరక్క డీవీఆర్ బయటికి వెళ్ళలేదు. ఐపీ, గేట్‌వే కుదిరినా డీఎన్‌ఎస్ (సర్వర్ పేరును ఐపీ నంబరుగా మార్చేది) గడిలో పనిచేయని నంబరు ఉంటే మెయిల్ సర్వర్ పేరు దానికి అర్థం కాదు. గూగుల్ డీఎన్‌ఎస్ 8.8.8.8 పెట్టి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. నేనిప్పుడు డీవీఆర్‌ను డీహెచ్‌సీపీలో (ఐపీని రూటరే ఇచ్చే పద్ధతిలో) ఉంచి, ఐపీ మారకుండా రూటర్‌లోనే రిజర్వ్ చేశాను. ఈ చిక్కు మళ్ళీ రాలేదు.

గడియారాన్ని ఎవరూ పట్టించుకోరు. డీవీఆర్ బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది అయిపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంది. సర్వర్ సర్టిఫికెట్ గడువు సరిచూసుకునే డీవీఆర్‌లు తేదీ తప్పితే కనెక్షనే ఒప్పుకోవు. మెయిల్ వెళ్ళినా ఫొటో మీద ఉండే టైమ్ తప్పు, అలాంటి ఫొటోను పోలీసులకు ఇచ్చి ప్రయోజనం ఉండదు. ఎన్‌టీపీ (నెట్ నుంచి టైమ్ సరిచేసుకునే సదుపాయం) ఆన్ చేసి, టైమ్ జోన్ 5:30 పెట్టి, ఆ బ్యాటరీ మార్పించండి. ఖర్చు చాలా తక్కువ.

ఇప్పుడు అసలు మోసపోయే చోటుకు వస్తాను. టెస్ట్ బటన్ నొక్కితే మెయిల్ వచ్చింది. పని అయిపోయిందనుకుంటాం. టెస్ట్ మెయిల్ రావడం అంటే ఖాతా వివరాలు, నెట్ బాగున్నాయని మాత్రమే అర్థం. మనిషి గేటు దాటినప్పుడు మెయిల్ రావాలంటే ఇంకో రెండు చోట్ల టిక్ పడాలి. మోషన్ (కదలిక) సెట్టింగ్‌లో ఆ ఛానల్‌కు విడిగా సెండ్ ఈమెయిల్ అని ఉంటుంది, ప్రతి కెమెరాకూ పెట్టుకుంటూ పోవాలి. ఆ పక్కనే షెడ్యూల్ ఉంటుంది, అందులో ఏ రోజు ఏ గంటలు రంగు పడి ఉన్నాయో ఆ గంటల్లోనే అలర్ట్ పనిచేస్తుంది. కాబట్టి టెస్ట్ మెయిల్ వచ్చాక ఎవరినైనా కెమెరా ముందు నడవమని చెప్పి, మెయిల్ వచ్చేదాకా చూడాలి. మా ఇంట్లో ఆ పని నాన్నగారిది. ఓపిగ్గా గేటు దాకా వెళ్ళి వస్తూ "వచ్చిందేంట్రా?" అని ఫోన్‌లో అడుగుతుంటారు.

ఇవన్నీ కుదిరాక వచ్చే సమస్య మెయిళ్ళు రాకపోవడం కాదు, లెక్కకు మించి రావడం. పాత డీవీఆర్‌కు మనిషి ఎవరో కొమ్మ ఏదో తెలియదు, బొమ్మలో చుక్కలు మారితే కదలిక అనుకుంటుంది. కోనసీమ ఇంట్లో కదలనిదేముంది? గాలికి కొబ్బరాకులు ఊగుతాయి. తొలకరి వాన పడిన రాత్రి వసారా లైటు చుట్టూ ఉసుళ్ళు లేస్తాయి. కెమెరా అద్దం మీద సాలెపురుగు గూడు అల్లితే, రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో ఆ దారాలు తెల్లగా మెరుస్తూ తెల్లవార్లూ అలర్ట్‌లు పంపిస్తాయి. ఇక్కడ సెన్సిటివిటీ తగ్గించడం కన్నా, మోషన్ గళ్ళలో చెట్లూ ఆకాశం ఉన్న భాగాన్ని తీసేసి, నేల మీద మనిషి నడిచే దారిని మాత్రం ఉంచడం బాగా పనిచేసింది. షెడ్యూల్ రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకే ఉంచాను. సాలెగూడు మాత్రం చీపురుతో దులపాల్సిందే. మనిషిని, వాహనాన్ని విడిగా గుర్తుపట్టే కొత్త మోడళ్ళు ఈ బాధను చాలావరకు తగ్గిస్తాయి. కొత్తది కొనేవాళ్ళు ఆ గుర్తింపు ఎన్ని ఛానళ్ళలో ఒకేసారి పనిచేస్తుందో అడిగి కొనాలి, కొన్నింటిలో అది ఒకటి రెండు ఛానళ్ళకే ఉంటుంది.

మెయిళ్ళు ఎక్కువైతే చిరాకుతో పోదు, మొత్తం ఆగిపోతుంది కూడా. మామూలు జీమెయిల్ ఖాతా నుంచి రోజుకు 500 దాకానే పంపగలం, అది దాటితే కొంతసేపు పంపడం ఆపేస్తారు. పంపిన ప్రతి మెయిల్ డీవీఆర్ ఖాతా సెంట్ ఫోల్డర్‌లో కూడా చేరుతుంది. ఒక్కో మెయిల్ ఫొటోలతో కలిపి 300 కేబీ, రోజుకు 500 మెయిళ్ళు అనుకోండి, రోజుకు 150 ఎంబీ. ఉచితంగా ఇచ్చే 15 జీబీ 100 రోజుల్లో నిండిపోతుంది. నిండాక పంపడం కుదరదు. కొన్ని నెలలు చక్కగా పనిచేసి చెప్పాపెట్టకుండా ఆగిన చోట ముందు ఈ సెంట్ ఫోల్డర్ చూడండి.

ఫోన్ వైపు కూడా ఒక సెట్టింగ్ ఉంది. డీవీఆర్ మెయిళ్ళకు జీమెయిల్‌లో ఒక లేబుల్, ఫిల్టర్ పెట్టి, స్పామ్‌లోకి పోనివ్వవద్దు అన్న టిక్ ఇచ్చాను. ఆండ్రాయిడ్ యాప్‌లో ఆ లేబుల్‌కు ప్రతి మెసేజ్‌కూ నోటిఫికేషన్ ఇవ్వమనే ఆప్షన్ ఆన్ చేయాలి. అది లేకపోతే మొదటి మెయిల్‌కు మోగి, తర్వాతి వాటికి మౌనంగా ఉండొచ్చు. ఇంత చేసినా మెయిల్ ఒక్కోసారి నిమిషాల ఆలస్యంతో వస్తుంది. వెంటనే తెలియాలంటే యాప్ నోటిఫికేషన్, గేటు దగ్గర సైరన్ నయం.

మరి నేనెందుకు దీన్ని ఇంతగా పట్టుకున్నాను? ఎక్సెప్షన్ అనో అబ్‌నార్మాలిటీ అనో ఉండే ఇంకో మెనూ కోసం. హార్డ్ డిస్క్ లోపం, వీడియో లాస్ (కెమెరా నుంచి బొమ్మ రాకపోవడం), తప్పు పాస్‌వర్డ్‌తో లాగిన్ ప్రయత్నం, వీటికి మెయిల్ పంపమని అక్కడ చెప్పొచ్చు. ఒకసారి మధ్యాహ్నం డిస్క్ ఎర్రర్ అని మెయిల్ వచ్చింది. యాప్‌లో చూస్తే నాలుగు కెమెరాల లైవ్ శుభ్రంగా కనబడుతోంది, రికార్డింగ్ మాత్రం లేదు. లైవ్ చూసి నిశ్చింతగా ఉండేవాళ్ళెవరికీ ఇది తెలిసే వీలు లేదు. చాలా ఇళ్ళలో దొంగతనం జరిగాక రికార్డింగ్ కోసం వెతికినప్పుడే డిస్క్ ఎప్పుడో పోయిందని బయటపడుతుంది. మాకు డిస్క్ మార్చుకునే సమయం దొరికింది. ఇంకోసారి గాలివాన తర్వాత షెడ్డు కెమెరాకు వీడియో లాస్ మెయిల్ వస్తే నాన్నగారికి ఫోన్ చేశాను. "మట్ట విరిగి కేబుల్ మీద పడిందిరా, రేపు తీయిస్తాను" అన్నారు. ఆ మెయిల్ రాకపోతే వారం దాకా ఎవరికీ తెలిసేది కాదు.

దీని బలహీనత ఒక్కటే, కానీ పెద్దది. కరెంటు పోయినా, నెట్ పోయినా, డీవీఆరే పాడైనా మెయిల్ రాదు. అంతా బాగున్నప్పుడు కూడా మెయిల్ రాదు. రెండింటికీ తేడా తెలియదు. దీనికి కొన్ని మోడళ్ళలో హెల్త్ మెయిల్ అనే ఆప్షన్ ఉంటుంది, నిర్ణీత సమయానికి ఒక మెయిల్ ఊరికే పంపిస్తుంది. విరామం నిమిషాల్లో అడుగుతుంది, నేను 1440 పెట్టాను, అంటే రోజుకొకటి. అది రాని రోజు ఇంటికి ఫోన్ చేస్తాను. డీవీఆర్‌కు, రూటర్‌కు కలిపి చిన్న యూపీఎస్ పెట్టాక మామూలు కోతల్లో మెయిల్ ఆగడం లేదు. రూటర్‌ను వదిలేసి డీవీఆర్‌కు మాత్రమే యూపీఎస్ పెడితే రికార్డింగ్ నడుస్తుంది గానీ మెయిల్ పోదు.

తల్లిదండ్రులు ఊళ్ళో, పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న ఇళ్ళకు ఈ సదుపాయం కోసం ఒక పూట కూర్చోవడం దండగ కాదని నా గట్టి నమ్మకం. కొత్త డీవీఆర్ కొనేటప్పుడు హెల్త్ మెయిల్ ఉందా, డిస్క్ లోపానికి మెయిల్ వెళుతుందా, టీఎల్‌ఎస్ 1.2 ఉందా, కంపెనీ ఇప్పటికీ ఫర్మ్‌వేర్ ఇస్తోందా అని అడగండి. బిగించడానికి వచ్చిన వ్యక్తి వెళ్ళకముందే, ఒక కెమెరా కేబుల్ ఊడదీయించి వీడియో లాస్ మెయిల్ మీ ఫోన్‌కు వచ్చేదాకా అతన్ని ఆపండి.