"గ్యారంటీ షాట్స్" అని చెప్పే మాక్రో వాక్‌కి డబ్బు కట్టే ముందు ఇది చదవండి

ఇప్పుడే అనంతగిరి నుంచి వచ్చాను, బ్యాగ్ కూడా దించలేదు, కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. పేరు రాయట్లేదు, ఆ పోస్టర్లు చూసినవాళ్లకు ఎవరో తెలిసిపోతుంది. ఆదివారం సీతాకోకచిలుకల మాక్రో వాక్, అంటే నడుస్తూ వాటిని బాగా దగ్గర్నుంచి ఫొటోలు తీసే ట్రిప్పు, మనిషికి 2,800, గ్యారంటీ షాట్స్. దీనికోసం నేను 100 ఎంఎం మాక్రో లెన్స్ రెండు రోజులకు అద్దెకు కూడా తెచ్చుకున్నాను.

పొద్దున్నే గుట్ట మీదికి తీసుకెళ్లి, "మేం ముందు వెళ్లి స్పాట్ చూస్తాం, మీరు టీ తాగండి" అన్నారు. కాసేపటికి పిలిచారు. తంగేడు పువ్వు మీద ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక, రెక్కలు సగం తెరిచి, ఒంటి మీద మంచు బిందువులతో. లెన్స్ జానెడు దూరానికి తీసుకెళ్లినా కదల్లేదు. నలభై ఫ్రేములు తీశాను, సంతోషంతో ఒకటి స్టేటస్‌లో కూడా పెట్టేశాను. నాకు అక్కడే తట్టాల్సింది. తంగేడు పువ్వులో తేనె ఉండదు, తుమ్మెదలు పుప్పొడి కోసం వస్తాయి గానీ ప్లెయిన్ టైగర్‌కి అక్కడ పనేంటి? మా ఇంటి వెనక జిల్లేడు పొదల్లో మూడేళ్లుగా చూస్తున్నాను దాన్ని, చల్లటి పూట రెక్కలు మూసుకుని పుల్లను గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఇది దేన్నీ పట్టుకోలేదు, ఎవరో అక్కడ ఆనించినట్టుంది. ఇవన్నీ తెలిసీ షటర్ నొక్కుతూ కూర్చున్నాను.

వెలుతురును మెత్తబరిచే డిఫ్యూజర్ కోసం కారు దగ్గరికి వెళ్తే వాళ్ల డిక్కీ తెరిచి ఉంది. థర్మకోల్ పెట్టె, అందులో ఐసు, ఐసు మీద స్వీట్ షాపు డబ్బాలు. ఒక్కో డబ్బాలో రెండు మూడు సీతాకోకచిలుకలు, ఒకదాంట్లో గొల్లభామ. వాళ్ల కుర్రాడు జెజెబెల్ అనే ఇంకో రకం సీతాకోకచిలుకని రెక్కలు పట్టుకుని బయటికి తీస్తున్నాడు, వేళ్లకంతా దాని రెక్కల పసుపు రంగు పొడి. ఒళ్లు వెచ్చబడితే గానీ అవి ఎగరలేవు కదా, దాన్ని ఆసరా చేసుకుని రాత్రంతా ఐసులో పెట్టారు.

ఇదేంటని నిర్వాహకుడిని అడిగితే కనీసం సిగ్గుపడలేదు. "మీకు ఫొటో కావాలా, దాని జాతకం కావాలా? ఖాళీ చేతులతో పంపిస్తే మీరే కదా రేపు తిట్టేది" అన్నాడు అందరి ముందు. ఆ మాట ఇంకా చెవుల్లోనే ఉంది. పైగా మిగతావాళ్లలో ఇద్దరు నన్నే "వదిలేయండి సార్, లైట్ పోతుంది" అన్నారు. పది గంటలకు ఎండ బాగా ఎక్కాక కూడా రెండు లేవలేదు. ఒకటి నేను నలభై ఫ్రేములు తీసిందే.

డబ్బు తిరిగి ఇవ్వనన్నాడు, దారిలో ఉండగానే గ్రూపు నుంచి తీసేశాడు. ఫొటోలన్నీ డిలీట్ చేశాను, స్టేటస్ కూడా.

మీరు ఎక్కడికైనా వెళ్తే కాళ్లు చూడండి, ఆకునో పువ్వునో పట్టుకుని ఉన్నాయో లేదో. "స్పాట్ రెడీ చేస్తాం" అంటే వాళ్లతో పాటే నడవండి, వద్దంటే వెనక్కి వచ్చేయండి. రేపు అటవీ శాఖ ఆఫీసులో ఫిర్యాదు ఇస్తున్నాను. ఇంతకుముందు వీళ్లతో వెళ్లినవాళ్లు ఆ పెట్టెను ఫొటో తీసి ఉంటే నాకు పంపండి, కోపంలో నేను తీయడం మర్చిపోయాను.