1962 నాటి ‘లవ్ మీ డూ’ అని చెప్పి 1982 ప్లేటు అంటగట్టారు: కడప వైపు పాత రికార్డులు కొనేవాళ్లు జాగ్రత్త

కడప, ప్రొద్దుటూరు, అనంతపురం చుట్టుపక్కల పాత గ్రామఫోన్ రికార్డులు కొనే మిత్రులందరికీ చెప్తున్నాను. పోయిన నెల ఒక ప్లేటుకు 14,000 రూపాయలు ఇచ్చి మోసపోయాను. అదే ప్లేటు మొన్న మళ్లీ అమ్మకానికి వచ్చింది. అందుకే రాత్రి పదకొండైనా కూర్చుని రాస్తున్నా.

మా చిన్నాయనకు బీటిల్స్ అనే ఇంగ్లండు పాటల బృందం అంటే ప్రాణం. గుంతకల్లులో రైల్వే ఉద్యోగం చేసే రోజుల్లో పక్క క్వార్టర్స్‌లోని ఒక గార్డు ఇంట్లో వాళ్ల పాటలు విని పడిపోయాడట. ఈ ఏడు ఆయనకు 75 నిండాయి. వాళ్ల మొదటి పార్లోఫోన్ సింగిల్ (వైపుకొక పాట ఉండే చిన్న ప్లేటు) ‘లవ్ మీ డూ’ ఫస్ట్ ప్రెస్, అంటే 1962లో మొట్టమొదట వేసిన ప్లేటు, ఆయన చేతిలో పెట్టాలని నా కోరిక. కడపలో పాత రికార్డులు అమ్మే ఒకాయన వాట్సాప్ స్టేటస్‌లో సరిగ్గా అదే కనిపించింది. ఎర్ర లేబుల్, పార్లోఫోన్ కంపెనీ, ఆర్ 4949 నంబరు. ఏడు రోడ్ల దగ్గర టీ కొట్టులో కలిశాం. ప్లేటు మీద గీతల్లేవు, తళతళలాడుతోంది. అక్కడ వేసి వినే వీలు లేదు. డబ్బు పంపించి తెచ్చేసుకున్నా.

ఇంటికొచ్చాక చిన్నాయన ప్లేటును గుడ్డతో తుడిచి, ముల్లు ఆనించాడు. మౌతార్గాన్ మొదలైంది. కళ్లు మూసుకుని వింటున్న మనిషి కాసేపటికి కళ్లు తెరిచాడు. ముల్లు లేపి మళ్లీ మొదట్లో పెట్టాడు. మూడోసారి కూడా పెట్టి, “అబ్బీ, డ్రమ్ము పక్కన గలగలమంటాంది చూడు, మన భజనలో కంజిర మాదిరి. ఇది మొదటి ప్లేటు కాదు నాయనా” అన్నాడు. నన్ను నొప్పించకూడదని ఎంత మెల్లగా చెప్పాడో.

ఆ గలగలే అసలు సాక్ష్యం. ఎందుకో చెప్తాను. లండన్‌లోని ఈఎంఐ స్టూడియోలో 1962లో ఈ పాటను మూడుసార్లు రికార్డు చేశారు. జూన్ 6న డ్రమ్స్ వాయించింది బృందంలో అప్పటి డ్రమ్మర్ పీట్ బెస్ట్. ఆ వాయింపు నిర్మాత జార్జ్ మార్టిన్‌కు నచ్చలేదు. ఆగస్టులో బెస్ట్ పోయి రింగో స్టార్ వచ్చాడు, సెప్టెంబరు 4న అతని డ్రమ్స్‌తో మళ్లీ తీశారు. అదీ తృప్తినివ్వలేదు. సెప్టెంబరు 11న ఆండీ వైట్ అనే స్టూడియో డ్రమ్మర్‌ను పిలిపించి, రింగో చేతికి టాంబురిన్ (మన కంజిరలా గలగలమనే వాయిద్యం) ఇచ్చారు. చిన్నాయన విన్న గలగల అదే. పాపం, కొత్తగా చేరిన మనిషికి ఎంత కష్టంగా ఉండి ఉంటుందో! అయినా అక్టోబరు 5న సింగిల్ విడుదలైనప్పుడు అందులో ఉన్నది సెప్టెంబరు 4 నాటి రింగో డ్రమ్సే. టాంబురిన్ ఉన్న ఆండీ వైట్ పాట 1963 మార్చిలో వచ్చిన ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ ఆల్బమ్‌లోకి వెళ్లింది. 1976లో, 1982లో సింగిల్‌ను మళ్లీ వేసినప్పుడూ ఆ టాంబురిన్ పాటనే వాడారు. అంటే 1962 ఎర్ర లేబుల్ ఫస్ట్ ప్రెస్‌లో టాంబురిన్ వినపడటానికే వీల్లేదు.

మరి ఎర్ర లేబుల్, ఆర్ 4949 సంగతి? 20 ఏళ్ల పండగకని 1982లో వేసిన సింగిల్‌కూ పాత ఎర్ర లేబుల్, పాత నంబరే పెట్టారు. కాకపోతే అది ఫోటో ఉన్న కవర్‌లో వచ్చింది. 1962లో ఇంగ్లండులో అమ్మినవి కంపెనీ పేరున్న మామూలు పేపర్ కవర్‌లో ఉండేవి. నాకు ఇచ్చిన ప్లేటుకు ఫోటో కవర్ లేదు, పాత పేపర్ కవర్ తొడిగి ఉంది. బెంగళూరులో చిన్నాయన స్నేహితుడి దగ్గర 1982 ప్లేటు ఉంటే ఫోటోలు తెప్పించి పక్కపక్కన పెట్టి చూశాం. అక్షరం పొల్లుపోకుండా అదే.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. టాంబురిన్ వినపడకపోతే 1962దే అని కూడా అనుకోవద్దు. 50 ఏళ్లయిందని 2012లో అచ్చం పాతదానిలా ఒక సింగిల్ వేశారు. కంపెనీవాళ్లే పొరపాటున టాంబురిన్ పాట ఎక్కించి, ఆ ప్లేట్లను వెనక్కి పిలిపించుకుని, రింగో పాటతో మళ్లీ విడుదల చేశారు. కాబట్టి చెవితో పాటు కళ్లకూ పని చెప్పాలి. పాట గీతలు అయిపోయి లేబుల్ మొదలయ్యే లోపల నున్నటి జాగా ఉంటుంది కదా, లైటు కింద ఏటవాలుగా పట్టుకుంటే అక్కడ చెక్కిన నంబరు కనిపిస్తుంది. 1962 ప్లేటులో 7ఎక్స్‌సీఈ 17144, దాని వెనక 1ఎన్ ఉండాలి. ఆ జాగాను దగ్గరగా తీసిన ఫోటో, పాట ప్లే అవుతున్న వీడియో, రెండూ వచ్చాకే డబ్బు మాట ఎత్తండి. నేను లేబుల్ ఒక్కటే చూసి ఇచ్చేశాను.

అమ్మినాయనకు ఫోన్ చేస్తే, “నంబరు చూసుకునే కదా తీసుకున్నారు సార్, పాత సరుకు వాపసు తీసుకోం” అన్నాడు. టాంబురిన్ సంగతి చెప్తే పెట్టేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేశానని మెసేజ్ పెట్టాక దిగొచ్చి, ప్లేటు తీసుకుని 8,000 ఇచ్చాడు. మిగతా 6,000 కోసం ఇంకా అడుగుతూనే ఉన్నా.

మొన్న ఆదివారం అదే ప్లేటు వేరే నంబరు నుంచి ఒక గ్రూపులోకి వచ్చింది. ‘1962 ఒరిజినల్, ఇంగ్లండు సరుకు’ అని రాసి 16,000 చెప్తున్నారు. దాన్ని గుర్తుపట్టడం తేలిక. ‘పీ.ఎస్. ఐ లవ్ యూ’ అనే రెండో పాట ఉన్న వెనక వైపు, లేబుల్ మీద నడిమి రంధ్రానికి ఎడమ పక్కన నీలి బాల్‌పెన్నుతో వేసిన చిన్న టిక్కు ఉంది. పేపర్ కవర్ కింది మూల చిరిగితే లోపలి వైపు నుంచి సెల్లోటేప్ అంటించారు. ఆ రెండూ కనిపిస్తే అది మా ఇంట్లో మోగిన ప్లేటే.