ఉప్పుగాలిలో స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్: ఏ నూనె ఎక్కడ పనికొచ్చింది

వైజాగ్‌లో స్ప్రింగ్ పిస్టన్ ఎయిర్ రైఫిల్‌ను బయట ఉప్పుగాలి తింటుంది, లోపల ఎక్కువైన నూనె తింటుంది. తుప్పు కంటికి కనిపిస్తుంది కాబట్టి తుడుస్తాం. నూనె చేసే నష్టం సీల్, అంటే పిస్టన్ ముందుండి గాలి జారిపోకుండా ఆపే బిళ్ల, పోయాక గానీ బయటపడదు. 4.5 మిల్లీమీటర్ల బ్రేక్ బ్యారెల్ (గొట్టాన్ని వంచి స్ప్రింగ్‌ను బిగించే) రైఫిల్‌కు ఏళ్ల తరబడి వాడి చూసిన నూనెలు, గ్రీజుల మీద నా అభిప్రాయం ఇది.

ముందు లోపల ఏం జరుగుతుందో చూడాలి. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ దూసుకొచ్చి సిలిండర్‌లోని గాలిని రెప్పపాటులో నొక్కేస్తుంది. ఆ గాలి వందల డిగ్రీలకు వేడెక్కుతుంది. అక్కడ మామూలు ఖనిజ నూనె ఉంటే డీజిల్ ఇంజన్‌లోలాగే అంటుకుంటుంది. పెద్ద చప్పుడు, గొట్టంలోంచి పొగ, మాడు వాసన, టార్గెట్ మీద పెల్లెట్లు (చిన్న సీసపు గుళ్లు) ఒకటి పైన ఒకటి కింద పడటం దీని గుర్తులు. కొత్త రైఫిల్‌లో మొదటి 50–100 షాట్ల వరకు కాస్త పొగ మామూలే, అది ఫ్యాక్టరీలో పూసిన నూనె. ఆ తర్వాతా ఆగకపోతే మనం పోసిందే మండుతున్నట్టు.

కుట్టుమిషన్ నూనె బయటి పనికి చాలా మంచిది. స్క్రూలు, ట్రిగ్గర్ పిన్నుల దగ్గర సూదిమొనతో ఒక్కో చుక్క చాలు. సిలిండర్‌లోంచి గొట్టంలోకి గాలి వెళ్లే రంధ్రంలో మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు. డబ్ల్యూడీ-40 తేమను తరిమి, బిగిసిన స్క్రూను వదులు చేస్తుంది. దాన్ని సిలిండర్‌లోకి కొడితే ఉన్న గ్రీజును కడిగేసి, మిగిలింది మండుతుంది. కొబ్బరినూనె ఎక్కడా వద్దు. 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, జనవరి తెల్లవారుజామున మన ఊళ్లోనూ 20 లోపుకు దిగుతుంది.

సీల్‌కు సరైనది స్వచ్ఛమైన సిలికాన్ ఆయిల్. ట్రెడ్‌మిల్ బెల్టుకు వాడే సీసా సరిపోతుంది, కానీ లేబుల్ మీద నూరు శాతం సిలికాన్ అని ఉండాలి. స్ప్రే డబ్బాల్లో పెట్రోలియం ద్రావకం కలుస్తుంది కాబట్టి అవి వద్దు. పాలియురెథేన్ సీల్ ఉన్న రైఫిల్‌కు వెయ్యి షాట్లకు ఒక చుక్క, కాక్ చేసేటప్పుడు (గొట్టం వంచి స్ప్రింగ్ బిగించేటప్పుడు) కీచుమంటే ఇంకొకటి. బ్రీచ్, అంటే పెల్లెట్ పెట్టే గొట్టం వెనక చివర, దగ్గరి రబ్బరు రింగుకు వేలికొసతో తడి తగిలిస్తే చాలు. అయితే ఇనుముకు ఇనుము రాసుకునేచోట సిలికాన్ పనికిరాదు. బరువు పడితే దాని పొర నిలవదు, లోహం గీసుకుపోతుంది. స్ప్రింగ్‌కు సిలికాన్ పూయమనే సలహా వినకండి.

అక్కడికి కావలసింది మోలీ పేస్ట్, అంటే మాలిబ్డినం డైసల్ఫైడ్. నేను వాడినవాటిలో డబ్బుకు పూర్తిగా న్యాయం చేసింది ఇదే. ఆటోనగర్‌లో మోలీ గ్రీజు అడిగితే బండ్లకు వాడేది ఇస్తారు. అందులో మోలీ 3 శాతం దగ్గరే ఉంటుంది, మిగతాదంతా మామూలు గ్రీజే. ఇంజన్ బిగింపుకు వాడే పేస్టుల్లో 60 శాతం దాకా ఉంటుంది, అడగాల్సింది అది. పిస్టన్ వెనక అంచుకు, కాకింగ్ లివర్ జారే గాడికి, బ్యారెల్ ఇరుసుకు, మూసిన గొట్టాన్ని పట్టి ఉంచే లాక్ నాలుకకు కలిపి మొత్తం కందిగింజంత. పూశాక గుడ్డతో తుడిచేయండి, మిగిలే నల్లటి మరకే పని చేస్తుంది. సీల్ ముందు ముఖానికి అంటనివ్వకూడదు.

స్ప్రింగ్ కొట్టాక మోగే ఆ 'టంగ్' తగ్గాలంటే బాగా చిక్కటి, సాగే గ్రీజు పలచగా పూయాలి. మందంగా పూస్తే వేగం పడిపోతుంది, ఉక్కపోత నెలల్లో కరిగి ముందుకు పాకుతుంది. ఇది విప్పి చేసే పని. కాక్ చేయకపోయినా స్ప్రింగ్ లోపల నొక్కుకునే ఉంటుంది కాబట్టి స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగ్‌ను నొక్కి పట్టే పనిముట్టు) లేకుండా వెనక పిన్ను తీయొద్దు, అది ఎగిరి ముఖాన తగులుతుంది.

పాత మోడళ్లలో సీల్‌గా తోలు వాషర్ ఉంటుంది, దాని లెక్క వేరు. ఎండితే గాలి వదిలేస్తుంది కాబట్టి నూనె కావాలి. చెప్పుల తోలుకు ఆముదం పట్టించే అలవాటుతో ఇక్కడా అదే పోస్తారు. మెత్తబడుతుంది నిజమే, కొన్నాళ్లకు బంకగా మారి పిస్టన్‌ను పట్టేస్తుంది. రెండు మూడు చుక్కల సిలికాన్ వేసి, రాత్రంతా నాననిచ్చి, మర్నాడు వాడితే బాగుంటుంది.

బలం తగ్గిందనిపిస్తే నూనె పోసేముందు ఒక పరీక్ష. టిష్యూ పేపరు ముక్కను బ్రీచ్ అతుకు మీద ఆనించి, పెల్లెట్ వేసి కాల్చండి. కాగితం ఎగిరితే గాలి పోయేది రబ్బరు రింగు దగ్గరే, కొత్తది వేస్తే సరి. పెల్లెట్ లేకుండా మాత్రం కాల్చొద్దు, ఎదురు గాలి లేక పిస్టన్ నేరుగా సిలిండర్ ముందు గోడకు గుద్దుకుంటుంది.

బయటి సంగతి. చెమట చేతి ఉప్పు నల్లరంగు ఇనుము మీద రాత్రికి రాత్రే చుక్కలుగా లేస్తుంది, ముఖ్యంగా బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో. కాల్చిన రోజే నూనె గుడ్డతో మొత్తం తుడవాలి. ఫోమ్ పెట్టె తేమను పీల్చి పట్టుకుంటుంది. నూలు సంచిలో సిలికా జెల్ పొట్లాలతో పడుకోబెట్టడం మేలు. గొట్టం కిందికి పెట్టి నిలబెడితే స్ప్రింగ్ గ్రీజులోని నూనె సీల్ వైపు కారుతుంది, పైకి పెడితే రైఫిల్ చెక్క పిడిలోకి ఇంకుతుంది.