మంచు సెలవు: అట్లాంటాలో ఒక తీరు, మిన్నెసోటాలో ఒక తీరు

అమెరికాలో మంచు కురిస్తే బడికి సెలవా కాదా అన్నది, ఎంత పడిందన్నదానికంటే ఎక్కడ పడిందన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన అట్లాంటా పరిసరాల్లో ఒకటి రెండు అంగుళాల సూచన వచ్చినా పాఠశాలలు తరచూ ముందురోజే మూసివేత ప్రకటిస్తాయి. దీన్ని పిరికితనమనడం తేలికే గాని, 2014 జనవరి 28 గుర్తున్నవారు అలా అనరు. ఆ రోజు పడినది మూడంగుళాల లోపే. అయితే బడులు, కార్యాలయాలు దాదాపు ఒకేసారి వదలడంతో, చక్రాల కింద నలిగిన మంచు గడ్డకట్టి రహదారులు స్తంభించిపోగా, వేలాది మంది పిల్లలు బడుల్లోనే రాత్రి గడిపారు. కొందరు స్కూలు బస్సుల్లో చిక్కుకుపోయారు.

మిన్నెసోటాలో మూడంగుళాల మంచు వార్తే కాదు. తెల్లవారకముందే మంచు తోసే లారీలు తిరిగి ఉప్పు చల్లి వెళతాయి. పిల్లలు బూట్లు, మంచు ప్యాంట్లు తొడుక్కుని విరామంలో బయటే ఆడుకుంటారు. అక్కడ అసలు భయం చలితోనే. గాలి తాకిడితో కలిసి అది మైనస్ 35 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు దిగితే, బస్సు కోసం నిలబడిన పిల్లల చెవులు, ముక్కు కొద్ది నిమిషాల్లోనే గడ్డకట్టే ప్రమాదముంది. 2014 జనవరి 6న గవర్నర్ మార్క్ డేటన్ రాష్ట్రమంతటా బడులు మూయించింది ఆ చలికే. 2017 నాటి చట్టం ఏడాదికి ఐదు రోజుల వరకు ఇంటి నుంచే ఆన్‌లైన్ పాఠాలకు వీలు కల్పించింది. పిల్లలు మాత్రం దాన్ని సెలవు కింద లెక్కవేయరు.